పనస మొక్క సంగతి

ఒరే చిన్నోడా, బుజ్జమ్మా, ఇద్దరికీ కలిపి ఒకటే ఉత్తరం. పనస మొక్క ఎట్టా పెంచాలి తాతా అని ఫోన్లో అడిగారు గదా, ఇంతలో మీ నాన్న ఫోన్ లాక్కున్నాడు, అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తా ఉండా.

పనస పుట్టింది మన కావలి ఎండల్లో కాదు, పడమటి కనుమల్లో వానలు దండిగా పడే అడవుల్లో. ఆడ నేల ఎప్పుడూ తేమగా ఉంటాది, పిల్ల మొక్కకి పైన పెద్ద చెట్ల నీడ ఉంటాది. మనకేమో అక్టోబరు నవంబరుల్లో కుమ్మేసి పోయే వానే వాన, మే నెల వచ్చిందంటే వడగాలి. అందుకని మొదటి రెండు ఎండాకాలాలు మొక్కకి పడమటి వైపు తాటాకు తడిక కట్టండి, మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిచి తడి ఆరకుండా చూడండి, అట్టాగని నీళ్లు నిలవనిచ్చారో వేర్లు కుళ్ళి చస్తాది. నల్లరేగడి అయితే కాస్త మెరక చేసి దాని మీద నాటాల.

గింజని ఎండబెట్టి డబ్బాలో దాచి వచ్చే ఏడు నాటదామంటే కుదరదు, ఆరిందంటే మొలవదు. పండు తిన్నాక ఆరనీకుండా, బంక పోయేట్టు కడిగి నేరుగా గుంతలోనే పెట్టేయాల. మట్టి నింపిన ప్లాస్టిక్ కవర్లో మొలిపించి ఎక్కువ రోజులుంచితే తల్లి వేరు చుట్టలు తిరిగిపోతాది. 1989 నవంబరు తుఫాను మన కావలి దగ్గరే తీరం దాటింది, అట్టాంటి గాలులొచ్చే ఊర్లో తల్లి వేరు లోతుకి దిగిన చెట్టుంటే నాకు ధైర్యం. అంటు మొక్క అయితే మూడు నాలుగేళ్లకే కాస్తాది, గింజ మొక్కకి ఏడెనిమిదేళ్లు పడతాది, పైగా తల్లి చెట్టు రుచే వస్తాదని గ్యారంటీ లేదు. అయినా నా ఓటు గింజకే. గోడకి మాత్రం దూరంగా పెట్టండి, బాగా పెద్ద చెట్టవుతాది.

బుజ్జమ్మ అడిగింది, కాయలు మొద్దుకి కాస్తాయేంది అని. ముప్పై కేజీల కాయ చిటారుకొమ్మకి వేలాడితే కొమ్మ ఆగుతాదా చెప్పు? ఇంకో సంగతి, పనసకాయ అంటే ఒక పువ్వు కాయైంది కాదు, వందల పూలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఒకే కాయ అయినాయి. ఒక్కో తొన ఒక్కో పువ్వు. తొనల మధ్య పీచు ఉంటాది చూడు, మీరు పీకి పారేసేది, అది గింజ కట్టని పూలు.

మొదటిసారి పూత వచ్చినప్పుడు పిందెలన్నీ నల్లబడి రాలిపోతున్నాయని నాకు ఫోన్ చేస్తారు, చూస్తా ఉండండి. రాలేవి పిందెలు కాదు, మగ పూల గుత్తులు. సన్న కాడ, నున్నగా ఉంటాయి, పసుపు పొడి రాల్చేసి వాటి పని అయిపోయి పడిపోతాయి. ఆడవాటికి కాడ లావు, పైన గరుకుగా ఉంటాది, మొద్దుకీ లావు కొమ్మలకీ వస్తాయి, అవే కాయలయ్యేది. మొద్దు మీద పొట్టిగా పుల్లలు పొడుచుకొస్తే అందంగా లేవని గిల్లేయబాకండి, కాయలు వచ్చేది వాటికే.

ఈసారి పండు కొన్నప్పుడు అమ్మని కత్తికీ చేతులకీ నూనె రాసుకుని కొయ్యమనండి. గింజలన్నీ ఉడకేసుకుని తినకుండా ఓ నాలుగు ఉంచి, తడి గుడ్డలో చుట్టి, ఆ వారంలోనే ఎవరో ఒకరి చేత ఊరికి పంపించండి, బావి పక్కన గుంత తీయిస్తా.

మీ తాత