నూక మిల్లులో పుట్టదు: మూడో తరం మిల్లువాడి అపోహలు – వాస్తవాలు

తాతగారు హల్లర్‌తో (పొట్టూ తవుడూ ఒకేసారి తీసే పాతకాలం మర) మొదలుపెట్టారు, నాన్నగారు పొట్టు తీయడానికి రబ్బరు రోలర్లు తెచ్చారు, ఇప్పుడు నేను. 1958 నాటి బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం కింద తాతగారు తీసుకున్న లైసెన్సు కాగితం ఇంకా బీరువాలో ఉంది. అప్పటి నుంచీ మా కాటా దగ్గర వినిపించే మాట మాత్రం మారలేదు.

అపోహ: నూక ఎక్కువొచ్చిందంటే మిల్లువాడు మంచి బియ్యం నొక్కేశాడు.

వాస్తవం: 75 కిలోల బస్తాలో ఊకే సుమారు 15 కిలోలు. తవుడు ఇంకో ఐదారు. కస్టమ్ మిల్లింగ్‌లో, అంటే ప్రభుత్వం కొన్న వడ్లు మేం ఆడించి బియ్యం ఇచ్చేటప్పుడు, ప్రభుత్వం కట్టే లెక్క కూడా క్వింటాకు 67 కిలోల పచ్చి బియ్యమే, అదీ నూకతో కలిపి. తూకంలో మోసాలు లేవని నేననను, కాటా దగ్గర నిలబడి చూసుకోండి. కానీ నూక చాలావరకు కళ్ళంలోనే తయారై వస్తుంది.

మొన్న దాళ్వాలో (రబీ పంటకి) ఒక రైతు లోడు దించి, మర ఆడాక నూక చూసి నా మీద విరుచుకుపడ్డాడు. మిగిలిన వడ్లలోంచి నాలుగు గింజలు చేత్తో ఒలిచి, సెల్‌ఫోన్ లైటు మీద పెట్టి చూపించాను. ప్రతి గింజకీ అడ్డంగా సన్నటి గీతలు. తారురోడ్డు మీద పల్చగా పోసి ఎండలో మాడ్చి, రాత్రి మంచుకి వదిలేశాడు. ఎండిన గింజ మళ్ళీ తేమ పీల్చుకుంటే పగులుతుంది. ఆ పగులు రోలర్ కింద విరగక ఏమవుతుంది? అతన్ని తప్పు పట్టలేను. ఆకాశంలో మబ్బు, నెత్తిన అప్పు, ఎవరికైనా టెన్షనే. కాస్త మందంగా పోసి, గంటకోసారి తిరగేసి, సాయంత్రం పట్టా కప్పితే చాలు. దాళ్వా వడ్లు ఉప్పుడు బియ్యానికి పోయేది ఇందుకే: మర ఆడేముందు వడ్లు ఉడికించినప్పుడు ఆ పగుళ్లు అతుక్కుంటాయి.

అపోహ: పాత హల్లర్ బియ్యమే మేలు.

హల్లర్‌లో నూక ఇంకా ఎక్కువ. ఊకా తవుడూ కలిసే వచ్చేవి, గేదెలకి తప్ప పనికొచ్చేవి కాదు.

అపోహ: రేషన్‌లో ప్లాస్టిక్ బియ్యం.

వందకి ఒకటి చొప్పున కలిపిన ఫోర్టిఫైడ్ గింజలండీ అవి. బియ్యప్పిండికి ఐరన్, విటమిన్లు కలిపి చేస్తారు. ఏరి పారేయకండి. ఈ వాట్సాప్ వీడియోలకి జవాబు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది.

ఆ రైతు తర్వాతి లోడు ముందు ఫోన్ చేశాడు. "పట్టా కప్పానండీ, లైటు పెట్టి కూడా చూశాను."