‘పరధ్యానం’ అని కొట్టిపారేసే ముందు: డిసోసియేషన్‌పై అపోహలు – వాస్తవాలు

చిన్నతనంలో దెబ్బలు, లైంగిక హింస, ఏళ్ల తరబడి భయం చవిచూసి పెద్దయినవాళ్లు సైకాలజిస్టునైన నా దగ్గరికి ‘నాకు డిసోసియేషన్ ఉంది’ అంటూ రారు. డిసోసియేషన్ అంటే మనసు తన జ్ఞాపకాల నుంచో, అనుభవాల నుంచో, తన నుంచే తానో విడివడిపోవడం. నిద్ర పట్టట్లేదనో, తలనొప్పి తగ్గట్లేదనో, మతిమరుపు ఎక్కువైందనో వస్తారు. అసలు సంగతి అడిగితే తప్ప బయటికి రాదు.

అపోహ: ఒకే మనిషి ఇద్దరు ముగ్గురిలా ప్రవర్తిస్తేనే ఈ జబ్బు ఉన్నట్టు.

వాస్తవం: సినిమాల్లోలా ఉన్నట్టుండి గొంతు మారి ఎదుటివాళ్ల మీద పడడం చాలా అరుదు. పైగా ఇది ఒకే జబ్బు కాదు. డిసోసియేటివ్ అమ్నీషియాలో జీవితంలోని ముఖ్యమైన ఘట్టాలే గుర్తుండవు. డీపర్సనలైజేషన్‌లో తనను తాను బయట నిలబడి చూసుకుంటున్నట్టు, డీరియలైజేషన్‌లో లోకమంతా అద్దానికి అవతల ఉన్నట్టు అనిపిస్తుంది. అది భ్రమేనని వాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. ఇక ఒకప్పుడు మల్టిపుల్ పర్సనాలిటీ అని పిలిచిన డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్‌లో కూడా ఒక వ్యక్తిత్వం నుంచి మరోదానికి మార్పులు చాలావరకు లోలోపలే జరుగుతాయి. వాటిని దాచుకోవడం చిన్నప్పుడే అలవాటై ఉంటుంది.

మరి పైకి కనిపించేదేమిటి? మాట్లాడుతుండగానే చూపు ఒకచోట నిలిచిపోతుంది. రెప్పలు వాల్చడం తగ్గుతుంది. కాసేపటికి తేరుకుని ‘ఏమన్నారు?’ అంటారు. ఫోన్‌లో తాను పంపిన మెసేజే ఉంటుంది, పంపిన గుర్తు ఉండదు. అల్మారాలో ఎప్పుడు కొన్నారో తెలియని బట్టలుంటాయి. చేయి కాలినా నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. ‘నిన్న అలా అన్నావు కదా’ అని ఎవరైనా అంటే, గుర్తు లేకపోయినా నవ్వి తల ఊపేస్తారు. నేను అన్నిటికంటే ఎక్కువగా గమనించేది ఆ తల ఊపడాన్నే.

వీటిలో ఏ ఒక్కటీ జబ్బుకు రుజువు కాదు. పుస్తకంలో మునిగిపోయి పిలుపు వినిపించకపోవడం అందరికీ ఉండేదే. పదేపదే జరుగుతూ, పనికీ బంధాలకూ అడ్డుపడుతుంటేనే ఆలోచించాలి.

అపోహ: గొంతులు వినిపిస్తున్నాయంటే అది స్కిజోఫ్రీనియానే.

వాస్తవం: డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్‌లోనూ గొంతులు వినిపిస్తాయి. చాలామందికి అవి చిన్నప్పటి నుంచే ఉంటాయి, తలలోపల వాదించుకుంటున్నట్టు ఉంటాయి. ఈ పోలిక వల్ల ఏళ్ల తరబడి వేరే జబ్బుకు మందులు వాడినవాళ్లున్నారు. అలాగని ఇది చదివి మందులు ఆపేయకండి, డాక్టర్‌తో మాట్లాడండి.

అపోహ: ఇదంతా నలుగురి దృష్టిలో పడడానికి ఆడే నాటకం.

వాస్తవం: ఈ మాట నన్ను చాలా బాధపెడుతుంది. పారిపోయే దారి లేని పిల్లల్లో, భరించలేనిదాని నుంచి మనసొక్కటే తప్పుకుంటుంది. ప్రమాదం పోయాక కూడా చిన్న టెన్షన్‌కే అదే పని చేస్తుంది. మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే అమెరికన్ మాన్యువల్ డీఎస్ఎం-5 ప్రకారం, డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్‌తో ఔట్‌పేషెంట్లుగా చికిత్స పొందేవారిలో 70 శాతానికి పైగా ఆత్మహత్యాయత్నం చేసినవారే. చనిపోవాలనుందన్న మాట వింటే ఆ రోజే సాయం అందేలా చూడాలి.

అపోహ: లక్షణం ఉందంటే వెనక దాగిన ట్రామా (మనసుకు తగిలిన లోతైన గాయం) ఉన్నట్టే, హిప్నాటిజంతో తవ్వి తీస్తే నయమవుతుంది.

వాస్తవం: డీపర్సనలైజేషన్ పానిక్ అటాక్‌లోనూ, గంజాయి వల్లా రావచ్చు. కొన్ని రకాల ఫిట్స్ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తాయి కాబట్టి ముందు వైద్య పరీక్షలు చేయించాలి. 1986లో వచ్చిన 28 ప్రశ్నల డీఈఎస్ (డిసోసియేటివ్ ఎక్స్‌పీరియన్సెస్ స్కేల్) పరీక్ష అనుమానాన్ని మాత్రమే చెబుతుంది, జబ్బును నిర్ధారించదు. ఇక ‘నీకు చిన్నప్పుడు ఏదో జరిగే ఉంటుంది’ అని గుచ్చి గుచ్చి అడిగితే, జరగనిది కూడా జరిగినట్టు జ్ఞాపకం తయారుకావచ్చు. ట్రామా థెరపీలో ముందు రోజువారీ భద్రత, నిద్ర, తేరుకునే పద్ధతులు నేర్పుతారు. జ్ఞాపకాల జోలికి వెళ్లేది ఆ తర్వాతే, అదీ ఆ మనిషి సిద్ధపడితేనే.

మీ ముందే ఎవరైనా అలా స్తంభించిపోతే పట్టి కుదపకండి. అడగకుండా తాకొద్దు. పేరు పెట్టి మెల్లగా పిలిచి, ఎక్కడున్నారో, ఈ రోజు ఏ వారమో చెప్పండి. పాదాలు నేలకు ఆనించమనండి, ఎదురుగా కనిపిస్తున్న వస్తువుల పేర్లు చెప్పమనండి. తేరుకున్నాక కారణం ఆరా తీయకుండా మంచినీళ్లివ్వండి. గుర్తులేని సమయాలను, వాటికి ముందు ఏం జరిగిందో తేదీతో రాసి పెట్టుకోమనండి. సైకియాట్రిస్ట్ దగ్గరికో, క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికో వెళ్లినప్పుడు ఆ కాగితం వెంట తీసుకెళ్తే, నోటితో చెప్పలేనివి కూడా అది చెబుతుంది.