చిన్న వ్యాపారం, జీఎస్టీ: అపోహలు - వాస్తవాలు

కొత్తగా షాపు పెట్టేవాళ్లు నన్ను మొదట అడిగేది "జీఎస్టీ నంబరు తీసుకోవాలా, వద్దా?" అనే. నా దగ్గరికి వచ్చేలోపే వాళ్లకు తలా ఒక మాట చెప్పి ఉంటారు. నంబరు లేకపోతే కేసు పెడతారని ఒకరు, చిన్న వ్యాపారానికి ఏదీ అక్కర్లేదని ఇంకొకరు. నేను మాత్రం మూడు విషయాలు అడుగుతాను: ఏం అమ్ముతారు, ఎక్కడికి అమ్ముతారు, ఏడాదికి ఎంత అమ్ముతారు? జవాబు చాలావరకు వీటిలోనే దొరుకుతుంది.

అపోహ: అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ ఊసే ఎత్తక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో కేవలం సరుకులు అమ్మేవారికి పరిమితి 40 లక్షల రూపాయలు. 20 లక్షల నుంచి 40కి చేసిన ఈ పెంపును తెలంగాణ తీసుకోలేదు కాబట్టి అక్కడ సరుకులకైనా 20 లక్షలే. సేవలకు రెండు రాష్ట్రాల్లోనూ 20 లక్షలు. ఇక్కడ "కేవలం" అన్న మాట చాలామంది గమనించరు. విజయవాడలో సెల్‌ఫోన్ కవర్లు, చార్జర్లు అమ్మే షాపులోనే ఒక కుర్రాడు కూర్చుని డిస్‌ప్లేలు మారుస్తున్నాడనుకోండి. రిపేరు చార్జీ తీసుకున్నారంటే సేవ కూడా చేస్తున్నట్టే, ఆ షాపుకు 40 వర్తించదు, 20 లక్షలే లెక్క.

ఇంకో పొరపాటు, లాభం చూసుకుని పరిమితి లోపే ఉన్నామనుకోవడం. చూడాల్సింది అమ్మకం. అందులో పన్ను పడని సరుకూ కలుస్తుంది. వరంగల్‌లో ఒక కిరాణా షాపు ఏడాదికి విడి బియ్యం, కూరగాయలు 15 లక్షలకు, సబ్బులు, షాంపూలు 7 లక్షలకు అమ్మితే మొత్తం 22 లక్షలు. పన్ను పడేది 7 లక్షలే అయినా రిజిస్ట్రేషన్ తప్పదు. పూర్తిగా పన్ను లేని సరుకే అమ్మేవారికి మాత్రం అవసరం లేదు. ఒకే పాన్ మీద రెండు ఊళ్లలో షాపులుంటే రెండింటి అమ్మకాలూ కలిపి చూస్తారు. పరిమితి దాటిన 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. గడువులోపు పెడితే చేతిలో ఉన్న సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుకు క్రెడిట్ కూడా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన పన్నులో ఆ మేరకు తగ్గించుకోవచ్చు. ఆలస్యం చేసి ఈ క్రెడిట్ పోగొట్టుకునేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

పక్క రాష్ట్రానికి సరుకు పంపితే అసలు పరిమితే ఉండదు. కోదాడ నుంచి జగ్గయ్యపేటకు పన్ను పడే సరుకు పంపినా మొదటి బిల్లుకే నంబరు కావాలి. కొన్ని చేతివృత్తుల వస్తువులకే ఇందులో మినహాయింపు. సేవలకు మాత్రం రాష్ట్రం దాటినా 20 లక్షల వరకు వెసులుబాటు ఉంది.

అపోహ: నంబరు తీసుకుని పక్కన పెట్టుకుంటే ఎప్పటికైనా పనికొస్తుంది.

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ సలహానే. నంబరు వచ్చిన రోజు నుంచి, ఒక్క రూపాయి వ్యాపారం జరగకపోయినా, రిటర్నులు వేయాలి. జీఎస్టీఆర్-3బీ అనే అమ్మకాలు, పన్నుల సారాంశపు రిటర్ను నిల్ అయినా (అంటే చూపడానికి ఏమీ లేకపోయినా), ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు, ఒక్కో రిటర్నుకు గరిష్ఠంగా 500. అమ్మకాలుంటే రోజుకు 50, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ అదనం. పాత రిటర్ను వేయనిదే పోర్టల్ కొత్తది తీసుకోదు కాబట్టి బాకీ నెలలన్నీ వరసగా వేసుకుంటూ రావాలి. నిల్ 3బీ అయితే రిజిస్టరైన ఫోన్ నుంచి 14409కి ఎస్సెమ్మెస్ పంపినా సరిపోతుంది, దానికోసం ఎవరి చుట్టూ తిరగక్కర్లేదు. షాపు మూసేస్తే రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు పెట్టండి. రద్దయిన మూడు నెలల్లో జీఎస్టీఆర్-10 అనే ఆఖరి రిటర్ను కూడా వేయాలి. దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు.

అపోహ: కాంపోజిషన్‌లో ఉన్నాం, ఆ ఒక్క శాతం కస్టమర్ దగ్గర తీసుకోవచ్చు.

తీసుకోకూడదు. కాంపోజిషన్ అంటే చిన్న వ్యాపారులు మామూలు జీఎస్టీ బదులు అమ్మకాల మీద ఒక చిన్న శాతం కట్టే పద్ధతి. అది మీ జేబులోంచి కట్టాల్సిందే. పన్ను విడిగా చూపకుండా బిల్ ఆఫ్ సప్లై ఇవ్వాలి, కొన్న సరుకు మీద క్రెడిట్ రాదు.

అపోహ: ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే లైసెన్సు ఉన్నట్టే.

ఉద్యమ్ మీ వ్యాపారాన్ని సూక్ష్మ, చిన్న సంస్థగా గుర్తిస్తుంది, అంతవరకే. మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు వేరే, తినే సరుకులు తయారుచేసినా అమ్మినా ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదు వేరే. ఉద్యమ్ పోర్టల్‌లో, జీఎస్టీ పోర్టల్‌లో నమోదుకు ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు. "గవర్నమెంటు ఫీజు" పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే రశీదు అడగండి. ఉద్యమ్‌తో వచ్చే, కొన్నవాళ్ల దగ్గర 45 రోజుల్లో బిల్లు డబ్బులు రాబట్టుకునే రక్షణ తయారీదారులకు, సేవలు అందించేవారికే. సరుకు కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ వల్ల దక్కేది ప్రాధాన్య రంగ రుణాల అర్హత మాత్రమే.

అపోహ: యూపీఐలో డబ్బు తీసుకుంటే ఇన్‌కమ్‌ట్యాక్స్ ఎక్కువ పడుతుంది.

లెక్క చూస్తే తగ్గుతుంది. చిన్న వ్యాపారులకున్న అంచనా ఆదాయ విధానంలో నగదు అమ్మకాల మీద కనీసం 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినవాటి మీద కనీసం 6 శాతం లాభంగా చూపాలి. 30 లక్షల అమ్మకాలు మొత్తం నగదైతే ఆదాయం 2,40,000, మొత్తం యూపీఐ అయితే 1,80,000. అసలు లాభం ఇంతకంటే ఎక్కువుంటే అదే చూపాలి. జీఎస్టీ నంబరు లేనంత మాత్రాన ఇన్‌కమ్‌ట్యాక్స్ రిటర్ను తప్పిపోదు. సొంత వ్యాపారమైతే షాపుకు వేరే పాన్ ఉండదు, యజమాని పాన్ మీదే వేయాలి.