"ఒరిజినల్‌ని చెడగొట్టారు" అనేముందు ఒక్క నిమిషం ఆగండి

ఫాంటసీ నవలలకి, ఫెయిరీ టేల్ రీటెల్లింగ్స్‌కి, అంటే పాత జానపద కథల్ని కొత్తగా తిరగరాసిన పుస్తకాలకి, రివ్యూలు రాయబట్టి పదకొండేళ్ళు. ఇన్నేళ్ళలో నాకొచ్చిన మెసేజ్‌లు కుప్ప పోస్తే సగానికి సగం ఒకటే గోల, "ఈ రైటర్ ఒరిజినల్ కథని మార్చేసింది, మీరేమో మెచ్చుకుంటారు, అసలు ఒరిజినల్ చదివారా మేడమ్?" అని. మొన్న ఆదివారం కూడా ఒకటొచ్చింది. చదివానండీ, కాకపోతే ఏ ఒరిజినల్ అడుగుతున్నారో చెప్తే అది చదివానో లేదో చెప్తా.

అపోహ: ప్రతి ఫెయిరీ టేల్‌కీ ఒక అసలు కథ ఉంటుంది, దానికి ఎంత దగ్గరగా ఉంటే రీటెల్లింగ్ అంత మంచిది.

వాస్తవం: సిండ్రెల్లానే తీసుకోండి. గాజు చెప్పు, గుమ్మడికాయ బండి 1697లో ఫ్రాన్స్‌లో పెరో అనే రచయిత అచ్చేసిన కథలోవి. అంతకు అరవై ఏళ్ళ ముందే, 1634-36లో ఇటలీలోని నేపుల్స్‌లో వచ్చిన, బసీలే అనే రచయిత పుస్తకంలో ఈ పిల్లే సవతి తల్లిని పెట్టెలోకి వంగనిచ్చి మెడ మీద మూత దబ్బున వేసి చంపేస్తుంది. ఇంకా వెనక్కెళ్తే తొమ్మిదో శతాబ్దపు చైనా పుస్తకంలో యె షియన్ అనే అమ్మాయి ఉంది, ఆమెకి కోరింది ఇచ్చేది చేప ఎముకలు, జారిపోయిన చెప్పు బంగారుది. వీటిలో ఏది ఒరిజినల్ అంటారు?

దీనికి తోడు రీల్స్‌లో ఒక పుకారు తిరుగుతూ ఉంటుంది, "పాత కథలన్నీ రక్తం, డిస్నీ వచ్చాక తీపి పూసింది" అని. విసుగొచ్చేసింది నాకు. పెరో కథలో సిండ్రెల్లా అక్కల్ని క్షమించి రాజాస్థానంలో ఇద్దరు ప్రభువులకిచ్చి పెళ్ళి కూడా చేయిస్తుంది, 1697లోనే, అంతకంటే తీపి ఏం కావాలి? అక్కలు చెప్పు పట్టడం కోసం వేలు, మడమ కోసుకోవడం జర్మనీలో జానపద కథలు సేకరించిన గ్రిమ్ అన్నదమ్ముల 1812 పుస్తకంలోది. పావురాలు వాళ్ళ కళ్ళు పొడిచేయడం అందులో కూడా లేదు, 1819 ఎడిషన్‌లో కలిపారు. అంటే అక్కల విషయంలో తీపి ముందొచ్చింది, కళ్ళు పొడవడం 122 ఏళ్ళు లేటుగా వచ్చింది. గ్రిమ్ వాళ్ళు 1857 దాకా ఏడు ఎడిషన్లు వేశారు, వేసిన ప్రతిసారీ దిద్దుతూనే ఉన్నారు, మరి వాళ్ళని "ఒరిజినల్ మార్చేశారు" అని ఎవరూ తిట్టరేం?

ఇంత గట్టిగా చెప్తున్నానంటే నేనూ ఇదే గోతిలో పడ్డాను కాబట్టి. రివ్యూలు మొదలెట్టిన రెండో ఏడు ఒక స్నోవైట్ రీటెల్లింగ్ వచ్చింది, అందులో విలన్ సొంత తల్లి. నేను పెద్ద పండితురాల్లా "రచయిత్రికి మూలకథ కూడా తెలీదు, సవతి తల్లిని కన్నతల్లి చేసి కథకి ద్రోహం చేసింది" అని రాసి రెండు స్టార్లు పడేశాను. నాలుగు నెలల తర్వాత గ్రిమ్ వాళ్ళ 1812 ఎడిషన్ అనువాదం చేతికొచ్చింది. రాత్రి పడుకోబోతూ తెరిస్తే మొదటి పేజీలోనే, మంచు లాంటి బిడ్డ కావాలని కోరుకున్న రాణీ, తర్వాత ఆ బిడ్డని చంపమని పంపిన రాణీ ఒక్కరే! సొంత తల్లే. సవతి తల్లిగా మార్చింది 1819లో. లేచి కూర్చుని లైటేసి ఆ రివ్యూ దిద్దాను, ఆవిడకి సారీ మెయిల్ పెట్టాను. "పర్లేదండీ, మీరు మూడోవారు" అని జవాబిచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే ముఖం ఎర్రబడుతుంది.

అసలు మనకి ఇది ఎవరో చెప్పాలా? ఏడు చేపల కథ మా అమ్మమ్మ చెప్తే పిల్లాడికి అన్నం పెట్టనిది అవ్వ, నాయనమ్మ చెప్తే అమ్మ. ఒకళ్ళ కథలో ఆవుని మేపనిది పాలేరు, ఇంకొకళ్ళ కథలో గొల్లపిల్లాడు. చివరికి చీమ "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా" అంటే చాలు, పడీపడీ నవ్వేవాళ్ళం, ఏ నాయనమ్మనీ ఒరిజినల్ ఏదని నిలదీయలేదు.

మరి నేను చూసేదేంటంటే, మార్చారా లేదా అని కాదండీ, తీసేసిన దాని పని ఇంకెవరు చేస్తున్నారు అని. గాజు చెప్పు తీసేస్తే రాకుమారుడు అమ్మాయిని ఎలా గుర్తుపడతాడు? ఆమే నడుచుకుంటూ వచ్చి "అది నేనే" అందనుకోండి, బాగానే ఉంది, కానీ ఊరంతా వెతికే భాగం మొత్తం పోయింది కదా, ఆ ఖాళీలో ఏం పెట్టారు? ఈ మధ్య చదివిన ఒకదాంట్లో ఏమీ పెట్టలేదు, వంద పేజీలు బాల్‌రూమ్‌లో గౌన్ల వర్ణన. దానికి రెండు స్టార్లే ఇచ్చాను, ఈసారి పశ్చాత్తాపం లేదు.

ఈ అపోహ వల్ల నిజంగా నష్టపోయేది కొత్తగా రాసేవాళ్ళు. పోయినేడు ఒకమ్మాయి మెసేజ్ చేసింది, స్నోవైట్‌ని మరుగుజ్జుల వైపు నుంచి తెలుగులో రాస్తోందట, "కాపీ అంటారేమో అక్కా, కేసు పెడతారేమో" అని భయపడి ఆర్నెల్లు ఫైల్ తెరవలేదట. ప్రాణం ఉసూరుమంది. పాత కథ అందరిదీనమ్మా, సినిమా వాళ్ళు కొత్తగా కలిపింది మాత్రం ముట్టుకోకు అని చెప్పాను. గ్రిమ్ కథలో ఏడుగురు మరుగుజ్జులకీ పేర్లే లేవు, మనకి తెలిసిన గ్రంపీ, డోపీ 1937 డిస్నీ సినిమావి, కాబట్టి పేర్లు నువ్వే పెట్టుకో. ఓజ్ అనే మాయాలోకానికి వెళ్ళే డొరోతీ అనే పిల్ల కథ ఉంది కదా, ఆమె చెప్పులూ అంతే, 1900 పుస్తకంలో వెండివి, ఎర్రగా చేసింది 1939 సినిమా.

మిగతావి గబగబా.

ఫెయిరీ టేల్ అంటే పిల్లల పుస్తకం అనుకోవద్దు. గ్రిమ్ వాళ్ళ 1812 పుస్తకంలో రపుంజెల్ కథ ఉంది, బురుజులో బంధించిన పిల్ల దగ్గరికి రాకుమారుడు రహస్యంగా వచ్చి పోతుంటాడు, అందులో ఆ పిల్ల "నా బట్టలు ఎందుకు బిగుతైపోతున్నాయి" అని అమాయకంగా అడుగుతుంది, కడుపుతో ఉందని అర్థమైందిగా, పిల్లలకి తగదని అప్పుడే గొడవైతే తర్వాత తీసేశారు. కవర్ మీద కోట బొమ్మ చూసి తొమ్మిదేళ్ళ పిల్లకి కొనేసి తర్వాత నా దగ్గర కంగారుపడే అమ్మానాన్నల్ని చూస్తే జాలేస్తుంది, కొనేముందు నడిమిలో రెండు పేజీలు తిరగేయండి చాలు.

ఫాంటసీకి లాజిక్ అక్కర్లేదా? మామూలు నవలకన్నా ఎక్కువ కావాలి. మంత్రం వేసినవాళ్ళు దానికి ఏదో ఒక మూల్యం చెల్లించకపోతే నాకు నిద్రొస్తుంది.

ఫ్రీగా పుస్తకం పంపితే పొగుడుతారా? పంపినవాళ్ళే నా మీద ఎక్కువ అలిగారు.

అన్నట్టు ఆ అమ్మాయి మళ్ళీ మొదలెట్టింది. నిన్న రాత్రి మూడో చాప్టర్ పంపింది, చిన్న మరుగుజ్జు పేరు బుడంకాయట.