ప్రోస్టేట్ లేనివాళ్ళకి ప్రోస్టేట్ మందెందుకు?

కిడ్నీలో రాయి తీశాక స్టెంట్ వేసిన డాక్టరు, చీటీలో టామ్సులోసిన్ కూడా రాశారట. నెట్‌లో వెతికితే అది ప్రోస్టేట్ మందని తేలింది. "ఆడదాన్ని, నాకు ప్రోస్టేట్ ఎక్కడిది? చీటీ గానీ మారిపోయిందా?" అని ఒక పాఠకురాలి ప్రశ్న. చీటీ మారలేదు. మగవాళ్ళ మందు మింగితే హార్మోన్లు తారుమారవుతాయన్న భయమూ అక్కర్లేదు. దీనికీ హార్మోన్లకీ సంబంధమే లేదు.

స్టెంటంటే రెండు కొసలూ వంపు తిరిగిన మెత్తటి గొట్టం, 2 మి.మీ. లావు, ఇంచుమించు 25 సెం.మీ. పొడవు. డబుల్ జె, డీజే అని పిలిచే ఈ డిజైన్ 1978లో వచ్చింది. పై వంపు కిడ్నీలో, కింది వంపు మూత్రాశయంలో ఉంటాయి. వేయించుకున్నవాళ్ళలో చాలామందికి మాటిమాటికీ యూరిన్ రావడం, మంట, కాస్త ఎరుపు తప్పవు. నాకు అన్నిటికంటే విచిత్రంగా తోచేది ఇంకోటుంది. యూరిన్‌కి కూర్చోగానే నడుం పక్కన పోటు! పని కింద జరుగుతుంటే నొప్పి పైనెందుకు?

పాఠ్యపుస్తకాల బొమ్మల్లో కిడ్నీ నుంచి వచ్చే గొట్టం, అంటే యురేటర్, మూత్రాశయంలోకి నేరుగా దిగిపోతుంది. ఆ బొమ్మల మీద నాకు ఎప్పట్నుంచో కోపం. అసలు అందమంతా అక్కడే పోయింది. నిజానికి యురేటర్ మూత్రాశయం గోడలో ఏటవాలుగా కొంత దూరం సాగి, ఆ తర్వాతే లోపలికి తెరుచుకుంటుంది. మూత్రాశయం నిండినా, బిగుసుకున్నా, లోపలి ఒత్తిడి ఆ ఏటవాలు ముక్కని గోడకేసి అదిమేస్తుంది. కవాటమంటూ విడిగా ఏమీ లేదు, ఆ వాలే కవాటం. ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా మూసుకుంటుంది.

స్టెంట్ వేయడమంటే ఆ తలుపు సందులో కర్ర పెట్టడమే. ఇక మూసుకోదు. యూరిన్ పోసేటప్పుడు మూత్రాశయం కండరం బిగిసి పుట్టించే ఒత్తిడి కిడ్నీ లోపల మామూలుగా ఉండే ఒత్తిడికి ఎన్నో రెట్లు. అడ్డు లేదు కాబట్టి అది కొంత మూత్రాన్ని వెనక్కి, పైకి తన్నుతుంది. కిడ్నీలో మూత్రం చేరే సంచి సాగుతుంది. ఆ సాగడమే నడుం పోటు.

కర్ర తీసేదాకా తలుపు మూయలేం. ఒత్తిడి తగ్గించడం మాత్రం మన చేతిలో ఉంది. మూత్రాశయం మెడలో, యురేటర్ కింది భాగంలో ఉన్న నునుపు కండరాల మీద ఆల్ఫా-1 గ్రాహకాలుంటాయి, ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా. నరాలు వదిలే నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనం వచ్చి వాటిని అంటుకుంటే కండరం బిగుస్తుంది. టామ్సులోసిన్ ముందే వెళ్ళి ఆ చోట్లు పట్టేస్తుంది. మెడ వదులైతే తక్కువ ఒత్తిడితోనే యూరిన్ బయటపడుతుంది, పైకి తన్నేదీ తగ్గుతుంది. యురేటర్ స్టెంట్‌ని నొక్కిపట్టడం కూడా తగ్గుతుంది. మగవాళ్ళ ప్రోస్టేట్‌లోనూ ఇవే గ్రాహకాలున్నాయి, అందుకే ఆ పేరు పడింది.

కింది వంపు మూత్రాశయం అడుగున రాసుకోవడంతో వచ్చే అర్జెంటు వేరే కథ. దానికి సాలిఫెనసిన్ లాంటి మందులు మూత్రాశయం కండరాన్ని బిగించే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి, బదులుగా నోరు ఎండబెడతాయి, మలబద్ధకం తెస్తాయి. మిరాబెగ్రాన్ ఆ కండరాన్నే బీటా-3 గ్రాహకాల దారిలో వదులు చేస్తుంది. నోరు అంతగా ఎండదు గానీ బీపీ చూసుకోవాలి. నొప్పి మాత్రల్లో డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీ పనితనాన్ని దెబ్బతీయొచ్చు కాబట్టి సొంతంగా వేసుకోకూడదు. ఏ మందైనా ఇబ్బందిని తగ్గిస్తుందే తప్ప పూర్తిగా పోగొట్టదు. చలిజ్వరం వచ్చిందంటే మాత్రం అది స్టెంట్ ఇబ్బంది కాదు, ఇన్ఫెక్షన్ అనుకుని వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి.

టామ్సులోసిన్‌తో లేచి నిలబడగానే కొందరికి కళ్ళు తిరుగుతాయి, రక్తనాళాల గోడల్లోనూ ఆల్ఫా-1 గ్రాహకాలు ఉన్నాయి మరి. కంటిపాపని పెద్దది చేసే కండరంలోనూ అవే. ఈ మందు వాడినవాళ్ళకి కాటరాక్ట్ ఆపరేషన్ చేస్తుంటే ఐరిస్, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర, వదులైపోయి జారుతోందని 2005లో గుర్తించారు. మందు మానేశాక కూడా ఇలా జరగొచ్చు. అందుకని ఎప్పుడో స్టెంట్ కోసం వాడి వదిలేసినా సరే, కంటి డాక్టరుకి ముందే చెప్పండి.