తామర కాని మచ్చ

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే మా మేనమామ జేబులో నాలుగేళ్లపాటు ఎప్పుడు చూసినా ఒక ఆయింట్‌మెంటు ట్యూబు ఉండేది. అడుగు నుంచి చుట్టుకుంటూ వచ్చి, చివరి బొట్టు దాకా పిండేసిన ట్యూబు. నడుము చుట్టూ, పిరుదుల మీద, తొడల పైభాగంలో మచ్చలు. "తామర అప్పా, ఇంకేమీ కాదు. చెమటకు వచ్చింది" అని మందుల అంగడి యజమాని తేల్చేశాడు. రాస్తే వారంలో ఎరుపు తగ్గేది, దురద పోయేది. మానేస్తే నెల తిరక్కుండా అక్కడే, అదే ఆకారంలో మళ్లీ కనిపించేది.

కర్నూలులో ఒక చర్మవైద్యురాలు ఆ మచ్చను చూసిన తీరు నాకు బాగా గుర్తుంది. మామయ్యను కిటికీ దగ్గర నిలబెట్టి, పక్క నుంచి వెలుతురు పడేలా తిప్పి, చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా దగ్గరకు నొక్కారు. ఉల్లిపాయ పైపొరలా సన్నని ముడతలు పడ్డాయి. తామర అయితే సాధారణంగా అంచు ఎర్రగా, కాస్త ఉబ్బెత్తుగా ఉండి పొట్టు రాలుతుంది. మధ్యభాగం మానుతూ వస్తుంది. ఇక్కడ అంచుకూ మధ్యకూ తేడా లేదు. ఆమె కొంచెం పొట్టు గీకి, గాజుపలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద చూశారు. శిలీంధ్రపు పోగులు లేవు. కాసేపట్లో అయిపోయే పరీక్ష. నాలుగేళ్లలో ఒక్కసారీ జరగలేదు.

ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. అయితే ఆ రోజే కాదు. మూడు వారాలు ఏ మందూ రాయకుండా రమ్మన్నారు. మామయ్యకు ఇది ఏ మాత్రం నచ్చలేదు, దురదకు నిద్ర పట్టదని గొణిగాడు. కానీ ఆ మూడు వారాల వెనుక పెద్ద కారణమే ఉంది. మన అంగళ్లలో తామరకని ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో శిలీంధ్రాన్ని చంపే మందుతోపాటు క్లోబెటసాల్ లాంటి బలమైన స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. చర్మంలో చేరిన లింఫోసైట్లనే తెల్లరక్తకణాలను అది అణచివేస్తుంది. కణాలు పలచబడితే మచ్చ మసకబారుతుంది, సూక్ష్మదర్శినిలో చూసేవారికి కూడా సాక్ష్యం దొరకదు. విచిత్రమేమిటంటే, చివరికి బయటపడిన జబ్బుకు తొలిదశలో వైద్యులు రాసే మందుల్లో ఆ క్లోబెటసాల్ కూడా ఒకటి! జబ్బు పేరు తెలిసి, లెక్క ప్రకారం వాడితే మందు. తెలియకుండా రాసుకుంటే జబ్బును కప్పిపెట్టే దుప్పటి.

ముక్క తీయడానికి ఎంతోసేపు పట్టలేదు. మత్తు సూది, గుండ్రని అంచున్న చిన్న పరికరంతో ఒక తిప్పు, మినపగింజంత చర్మం, ఫార్మలిన్ సీసా. రెండు చోట్ల తీశారు. మొదటి రిపోర్టులో "అనుమానం ఉంది, నిర్ధారించలేం" అని వచ్చింది. రెండు నెలల తర్వాత మళ్లీ తీస్తే పేరు తేలింది: మైకోసిస్ ఫంగాయిడిస్.

ఆ కాగితాన్ని మామయ్య అందరికంటే ముందు ఎవరికి చూపించాడో ఊహించండి. మందుల అంగడి యజమానికి. "చూశారా, ఫంగస్ అనే రాశారు. నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే కదా?" అన్నాడట ఆయన.

ఆయనను పూర్తిగా తప్పుపట్టలేం, పేరే అలా ఉంది మరి. 1806లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో జాన్ లూయీ అలిబేర్ అనే వైద్యుడు ఒంటినిండా పుట్టగొడుగుల్లాంటి గడ్డలున్న రోగిని చూశాడు. ఆ పోలికే తర్వాత జబ్బుకు పేరైంది. పుట్టగొడుగుకూ దీనికీ సంబంధం లేదు, శిలీంధ్రానికీ లేదు. ఇది చర్మంలో పుట్టే లింఫోమా, అంటే ఆ లింఫోసైట్ల క్యాన్సర్. రెండు వందల ఏళ్లుగా వైద్యులు ఆ పేరును మార్చకుండా మోస్తూనే ఉన్నారు. తామరలు ఇంతగా ఉన్న మన దేశంలో ఇంతకంటే పక్కదారి పట్టించే పేరు పెట్టడం కష్టం.

లింఫోమా అనగానే మెడలోనో చంకలోనో గడ్డలు గుర్తొస్తాయి. చర్మంలో ఎలా వస్తుంది? చర్మం ఈ కణాలకు పరాయి చోటేమీ కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి చర్మంలో టీ కణాలనే రకం లింఫోసైట్లు సుమారు 2,000 కోట్లు ఉంటాయని అంచనా, రక్తంలో తిరిగేవాటికి దాదాపు రెట్టింపు. వాటిలో ఒకటి దారి తప్పి, తన సంతానాన్ని పెంచుకుంటూ పోతే ఈ జబ్బు. పెంచుకోవడం కూడా ఎంతో నిదానంగా. మొదట పలచని మచ్చలు, ఏళ్ల తర్వాత మందమైన దద్దులు, కొందరిలో మాత్రమే గడ్డలు. అదీ ఎక్కువగా ఎండ తగలని చోట, బట్ట కప్పే చోట. తామర ఇష్టపడేదీ ఆ చోటే. అందుకే ఇది మన ఒక్క ఊరి పొరపాటు కాదు: అనేక దేశాల నిపుణులు కలిసి నమోదు చేసిన తొలిదశ రోగుల్లో సగం మందికి మొదటి మచ్చకూ నిర్ధారణకూ మధ్య మూడేళ్లు, అంతకు మించి గడిచాయి.

పిల్లల్లో, యువకుల్లో, ముఖ్యంగా మనలాంటి చామనఛాయ వాళ్లలో ఇది తెల్లబారిన మచ్చలుగానూ వస్తుంది. ఇంట్లో మొదట పుట్టే భయం కుష్ఠు, రెండోది బొల్లి. కుష్ఠు మచ్చ మీద దూదిపోచతో తాకితే స్పర్శ మందగించి ఉంటుంది, ఇందులో స్పర్శ పోదు. బొల్లిలో రంగు పూర్తిగా పోతుంది, ఇందులో కాస్త మిగులుతుంది. ఈ తెల్లమచ్చల రకం మిగతావాటికంటే నెమ్మది, చికిత్సకు బాగా లొంగుతుంది.

రోగనిర్ధారణ అంత ఆలస్యం ఎందుకు? మామూలు దద్దురులోనూ లింఫోసైట్లు గుమిగూడతాయి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఇక్కడే ఇంటిపేర్ల లెక్క పనికొస్తుంది. ప్రతి టీ కణమూ పుట్టేటప్పుడు శత్రువును గుర్తుపట్టే తన గ్రాహకపు జన్యువును ముక్కలు కోసి తనదైన తీరులో అతుక్కుంటుంది. ఆ అతుకే దాని ఇంటిపేరు, సంతానానికంతా అదే వస్తుంది. దద్దురు అంటే సంత లాంటిది, వంద ఇంటిపేర్ల వాళ్లు ఉంటారు. లింఫోమాలో ఎక్కువమందిది ఒకే ఇంటిపేరు. నడుము మచ్చలోనూ తొడ మచ్చలోనూ ఒకే ఇంటిపేరు బయటపడితే అనుమానం బలపడినట్టే. అయితే హానిలేని కొన్ని చర్మవ్యాధుల్లోనూ ఒకే ఇంటిపేరు పెరగవచ్చు. కాబట్టి ఈ పరీక్ష ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పరు. కణాలు చర్మపు పైపొరలోకి ఎక్కి గుంపులు కట్టాయా, టీ కణాల మీద మామూలుగా ఉండే సీడీ7 లాంటి ప్రోటీన్ గుర్తులు పోగొట్టుకున్నాయా, రోగి ఒంటి మీద మచ్చ ఎలా ఉంది, ఇవన్నీ కలిపి చూస్తారు. ముక్క చదివే వైద్యుడూ మచ్చ చూసిన వైద్యుడూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటేనే తేలే జబ్బు ఇది.

క్యాన్సర్ అన్న మాట ఇంట్లో పడగానే అందరూ తలో ఊరి పేరు చెప్పారు. హైదరాబాదు అని ఒకరు, బెంగళూరు అని ఒకరు, వెంటనే కీమో ఎక్కించాలని అందరూ. డాక్టరమ్మ మాత్రం మామయ్య అరచేతినే కొలబద్దగా తీసుకుని మచ్చల మీద ఆనించి లెక్కపెట్టారు. వేళ్లతో సహా ఒక అరచేయి అంటే ఒంటి చర్మంలో దాదాపు ఒక శాతం. ఆరు అరచేతులు వచ్చాయి. పది శాతంలోపు పలచని మచ్చలు మాత్రమే ఉండి, లింఫు గ్రంథులూ రక్తమూ బాగుంటే అది మొదటి దశలోనూ మొదటి మెట్టు. ఆ మెట్టు మీదున్నవారి ఆయుష్షు అదే వయసు మామూలు మనుషుల ఆయుష్షుకు ఇంచుమించు సమానం.

మరి గట్టి మందులతో ఒక్కసారిగా తుడిచేయవచ్చు కదా? చేసి చూశారు. అమెరికాలో 103 మంది రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మొదట్లోనే పలు కీమో మందులూ ఎలక్ట్రాన్ కిరణాలూ కలిపి ఇచ్చారు. రెండో జట్టుకు పైపూత మందులతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి మెట్టు మెట్టుగా పెంచారు. 1989లో ఫలితాలు వచ్చాయి. గట్టి మందుల జట్టులో మచ్చలు ఎక్కువగా మాయమయ్యాయి, బాధలూ ఎక్కువయ్యాయి. బతికిన కాలంలో తేడా లేదు. నిదానంగా నడిచే జబ్బును నిదానంగానే తరమాలని మావాళ్లను ఒప్పించడం, జబ్బు పేరు కనిపెట్టడం కంటే కష్టమైంది.

మామయ్యకు రాసిన మందు వెలుతురు. 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి గొట్టాలున్న పెట్టెలో, వారానికి మూడుసార్లు, మొదట సెకన్ల లెక్కన, తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ. "కర్నూలు ఎండలో పుట్టి పెరిగినవాడికి కరెంటు ఎండ కావాలా, అల్లుడూ?" అని నవ్వాడు. మంచి ప్రశ్నే. ఎండలో ఆ కాంతీ ఉంది, దానితోపాటు పనికిరానివి ఎన్నో ఉన్నాయి, పైగా కొలత లేదు. పెట్టెలోని కాంతి చర్మపు పైపొరల దాకానే దిగి, అక్కడ తిష్ఠవేసిన లింఫోసైట్ల డీఎన్ఏను దెబ్బతీస్తుంది.

మచ్చ మందంగా ఉంటే ఇంకాస్త లోతుకు దిగే కాంతి కావాలి. దానికి సొరాలెన్ జతచేస్తారు. ఆ పేరు సొరాలియా అనే మొక్క నుంచి వచ్చింది. మన పాత మూలికల అంగళ్లలో పొట్లం కట్టి అమ్మే నల్లని బావంచాలు ఆ మొక్క గింజలే. బొల్లికి వాటిని రాసి ఎండలో కూర్చోబెట్టే పాత వైద్యంలో ఉన్న సూత్రమే ఇక్కడా ఉంది: సొరాలెన్ డీఎన్ఏ మెట్ల మధ్య దూరి కూర్చుంటుంది, కాంతి తగలగానే రెండు పోగులనూ కలిపి బిగించేస్తుంది. ఇంట్లో ప్రయత్నించకండి, బొబ్బలెక్కిపోతుంది.

వీటికి లొంగనివారికి మరెన్నో ఉన్నాయి: వారానికొక్కసారి మాత్రమే వేసుకునే మెథోట్రెక్సేట్ (యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనల్లో రూపుదిద్దుకున్న మందు), ఒళ్లంతటికీ ఎలక్ట్రాన్ కిరణాలు, 2018లో అమెరికాలో అనుమతి పొందిన మొగాములిజుమాబ్ అనే యాంటీబాడీ మందు. ఒళ్లంతా ఎర్రబారి, జబ్బు కణాలు రక్తంలోనూ తిరిగే సెజారీ సిండ్రోమ్‌కు ఇలాంటివే దిక్కు. లింఫోసైట్లలో మరో రకమైన బీ కణాల నుంచి పుట్టే చర్మ లింఫోమాల్లో నెమ్మదైన రకాలు ఒకటి రెండు గడ్డలుగా ఉంటే చాలాసార్లు రేడియేషన్‌తోనే కరుగుతాయి.

ఆదోని నుంచి వారానికి మూడుసార్లు బస్సులో తిరగలేక మామయ్య నాలుగు నెలలు కర్నూలులో మా ఇంట్లోనే ఉన్నాడు. ఆరు అరచేతులు మూడయ్యాయి, ఆపైన ఒకటిన్నర. మే నెలలో ఒక మధ్యాహ్నం పెట్టెలోంచి బయటికి వచ్చి, నల్ల కళ్లద్దాలు నర్సమ్మకు ఇచ్చేసి, ఆసుపత్రి మెట్ల మీద ఆగి తలకు తువ్వాలు గట్టిగా చుట్టుకున్నాడు. "ఆటో పిలువు అల్లుడూ, ఈ ఎండలో మాడిపోతాం."