ఊపిరితిత్తులున్న వాద్యం

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఫోన్‌లో చర్చి ఆర్గాన్ వినిపిస్తే "ఇది కీబోర్డే కదా తాతయ్యా" అన్నారు. అప్పటికి ఊరుకున్నాను కానీ మనసు ఒప్పుకోలేదు. అందుకే ఈ ఉత్తరం.

మన ఇంట్లో హార్మోనియం ఉంది కదా. ఎడమచేత్తో తిత్తి ఊదుతూ కుడిచేత్తో మెట్లు నొక్కుతాను. ఊదడం ఆపితే ఎంత నొక్కినా మెట్టు పలకదు. పైప్ ఆర్గానూ అంతే, గాలి లేకపోతే మూగది. కాకపోతే హార్మోనియంలో గాలికి ఇత్తడి రీడు, అంటే సన్నటి రేకు, కదులుతుంది. ఆర్గాన్‌లో ఒక్కో స్వరానికి ఒక్కో గొట్టం. చాలా గొట్టాలు మన పిల్లనగ్రోవిలాగే పలుకుతాయి. పొడవు సగమైతే స్వరం ఒక స్థాయి పైకి వెళుతుంది.

జర్మనీలో నౌంబుర్గ్ అనే ఊళ్లో, సెయింట్ వెంజెల్ చర్చిలో అలాంటి ఆర్గాన్ ఒకటి ఉంది. జకారియాస్ హిల్డెబ్రాంట్ దాన్ని 1746లో పూర్తిచేశాడు. చేతులకి మూడు మెట్ల వరుసలు, పాదాలకి ఇంకొకటి, మొత్తం 53 స్టాపులు. మన హార్మోనియం ముందు లాగే గుబ్బల్ని కూడా స్టాపులనే అంటాం. ఇక్కడ ఒక్కో స్టాపు లాగితే ఒక్కో రకం గొట్టాల వరుస పలకడానికి సిద్ధమవుతుంది. ఒకటి వేణువులా, ఒకటి బాకాలా. పాదాల వరుసలో పోజౌనె అనే స్టాపుది 32 అడుగుల స్థాయి, అంటే అంత పొడవు గొట్టం పలికేంత మంద్రం. దాని అట్టడుగు స్వరంలో గాలి సెకనుకి 16, 17 సార్లే కంపిస్తుంది. చెవికన్నా ముందు ఒంటికే తెలుస్తుంది.

మెట్టు నొక్కగానే దానికి కట్టిన సన్నటి చెక్క బద్దలు ఒకదాన్నొకటి లాగుతాయి. చివర తోలు అతికించిన చిన్న మూత తెరుచుకుంటుంది, గాలి గొట్టంలోకి దూసుకెళుతుంది. వేలు తీస్తే స్ప్రింగు ఆ మూతని మూసేస్తుంది. వేలికీ గాలికీ మధ్య కరెంటు పనేమీ లేదు. ఆ రోజుల్లో తిత్తులు నడపడానికి వేరే మనుషులుండేవారు. పాట విన్నవాళ్లు వాయించినవాణ్ణే మెచ్చుకుంటారు, అందుకే వీళ్ల సంగతి మీకు ప్రత్యేకంగా చెప్తున్నాను.

1746 సెప్టెంబరులో ఈ ఆర్గాన్‌ని పరీక్షించడానికి ఇద్దరు పెద్దలొచ్చారు. ఒకరు గొప్ప జర్మన్ సంగీతకర్త, 61 ఏళ్ల సెబాస్టియన్ బాఖ్. రెండోవారు గాట్‌ఫ్రీడ్ సిల్బర్మన్, హిల్డెబ్రాంట్‌కి పని నేర్పిన గురువు. ఆ గురుశిష్యుల మధ్య ఒకప్పుడు పెద్ద తగాదానే నడిచింది. హిల్డెబ్రాంట్‌కి ఆ రోజు ఎంత టెన్షన్‌గా ఉండి ఉంటుందో!

ఏ ఆర్గాన్‌ని పరీక్షించినా బాఖ్ ముందు స్టాపులన్నీ లాగి నిండుగా వాయించేవాడట. దీని ఊపిరితిత్తులు గట్టివో కావో ముందు తెలియాలి అనేవాడని ఆయన కొడుకు రాశాడు. మన మాటలో చూడండి, ఊపిరితిత్తుల్లోనే తిత్తి ఉంది. అన్ని గొట్టాలూ ఒకేసారి గాలి అడిగినప్పుడు తిత్తులు అందించలేకపోతే స్వరం వణుకుతుంది.

ఒప్పందంలో రాసుకున్నవన్నీ ఉన్నాయని ఇద్దరూ రాసిచ్చారు. ఇంకో మాట కూడా చేర్చారు: స్వరాలన్నీ మరింత సమంగా పలికేలా హిల్డెబ్రాంట్ ఒక్కో స్టాపూ మళ్లీ ఒకసారి సరిచూడాలని.

మీ తాతయ్య